ముందు చక్రాల ఉచిత ప్రయాణం

మా చింతగరువు ఆఫీసు జీపుల ముందు చక్రాలు పనిదొంగలని నిరుడు శీతాకాలం ఆడిట్‌లో బయటపడింది. అంతవరకూ వాటి మీద ఎవరికీ అనుమానం లేదు. నల్లగా, గుండ్రంగా, బుద్ధిగా ఉండేవి. వెనక చక్రాలు తిరిగినప్పుడల్లా అవీ తిరిగేవి. తిరగడం వేరు, పని చెయ్యడం వేరని కనిపెట్టడానికి ఆడిట్ అధికారి అనంతశయనం గారు కొండెక్కి రావలసి వచ్చింది.

మాది కొండల మీద ఊరు. మా ఆయన గున్నేశ్వరరావు గారు ఇక్కడి కొండవాసుల సమగ్ర సంక్షేమ సంస్థలో సూపరింటెండెంటు. ఆఫీసు ఆవరణలోనే మా క్వార్టరు. వంటింటి కిటికీ తెరిస్తే ఎదురుగా జీపుల షెడ్డు. డిగ్రీలో నేను భౌతికశాస్త్రం చదువుకున్నాను. పెళ్ళయ్యాక ఆ శాస్త్రం కుక్కరు మూత దగ్గర తప్ప ఎక్కడా అవసరపడలేదు. ఆ కిటికీ లేకపోతే ఈ కథ కూడా నాకు తెలిసేది కాదు.

సంస్థకి మూడు జీపులున్నాయి. కొండల్లో దారులు లేని రోజుల్లో కొన్నవి. మామూలుగా వాటి వెనక చక్రాలే బండిని తోస్తాయి. బురదలోనో, గెడ్డ నీళ్ళలోనో దిగబడితే గేరు రాడ్డు పక్కనున్న చిన్న లివరు లాగాలి. అప్పుడు ముందు చక్రాలకి కూడా ఇంజను బలం అందుతుంది, నాలుగూ కలిసి లాగి బయటపడేస్తాయి. ఆ తరవాత కొండల మీదకి తారు రోడ్లు వచ్చాయి. అన్నిటికంటే చివర బూరుగుమెట్ట అనే ఊరికి కూడా వచ్చింది. చిన్న లివరుకి దుమ్ము పట్టింది. అనంతశయనం గారి వేలికి అంటుకున్నది ఆ దుమ్మే.

ఆయన డ్రైవరు అప్పలకొండని పిలిచారు. నేను కిటికీ దగ్గర బియ్యం ఏరుతున్నాను.

"ఈ చిన్న రాడ్డు ఎందుకు?"

"బురదలో దిగబడితే ఏస్తామండి. ముందు సెక్రాలు కూడా లాగుతాయి."

"బురద లేనప్పుడు?"

"ఏయమండి."

"అప్పుడు ముందు చక్రాలు ఏం చేస్తుంటాయి?"

అప్పలకొండ ఆలోచించాడు. తన సర్వీసులో ఇలాంటి ప్రశ్న ఎవరూ అడగలేదు. "ఏటి సేత్తాయండీ, ఎనకాతలవి తోత్తంటే దొర్లుకుంటా పోతాయి."

"అంటే," అన్నారు అనంతశయనం గారు కళ్ళజోడు తీసి, "విధులు లేకుండా ప్రభుత్వ వాహనంలో ప్రయాణిస్తున్నాయి."

"వాహనంలో కాదండి, వాహనం కింద," అన్నారు మా ఆయన. ఆయనకి నిజం చెప్పే అలవాటుంది, అడగకపోయినా.

"మరీ ఘోరం," అన్నారు అనంతశయనం గారు.

అభ్యంతరం ఇలా నమోదైంది. నాలుగు చక్రాలూ పనిచేసే వాహనానికి సొమ్ము చెల్లించి, రెంటితోనే పని చేయించుకుంటూ, మిగతా రెంటినీ దీర్ఘకాలంగా ఖాళీగా ఉంచినందుకు సంస్థ సంజాయిషీ ఇవ్వాలి.

ప్రాజెక్టు అధికారి దివాకరమూర్తి గారు మంచివారు. ఆయనకి కోపం రాదు, ఉత్తర్వు వస్తుంది. ఆ సాయంత్రమే వచ్చింది. "సంస్థకు చెందిన సదరు వాహనముల యందు ప్రతి చక్రమును నిరంతరము విధి నిర్వహణలో ఉండవలెను. చిన్న లివరును ముందుకు నెట్టి, అచ్చటనే స్థిరపరచి, డ్రైవర్లు వెనుకకు లాగకుండుటకై లక్క సీలు వేయవలెను. ఈ విషయమున ఎట్టి మినహాయింపును లేదు."

లక్క కరిగించడానికి మా ఇంట్లోంచి పాత గరిటె పట్టుకెళ్ళారు మా ఆయన. అది మళ్ళీ గరిటెగా తిరిగి రాలేదు.

సీలు వేస్తున్నప్పుడు అప్పలకొండ ఒక్కసారి మాత్రం అన్నాడు. "బాబూ, పొడి తారు మీద ఇది ఏసుకుని తిరిగితే లోపల పళ్ళు రాల్తాయండి."

మర్నాడు అతనికి మెమో ఇచ్చారు. అధికారుల నిర్ణయాల పట్ల యాంత్రికమైన సందేహాలు వెలిబుచ్చినందుకు. అప్పలకొండ దాన్ని చదివించుకుని, మడిచి జేబులో పెట్టుకుని, మళ్ళీ ఆ మాటెత్తలేదు. అతనికి పోయేదేమీ లేదు కూడా. జీపులు బాగుచేసే షెడ్డు కింద మైదానంలో ఉంది. ఆ షెడ్డు వెనక వీధిలోనే అతని అత్తారిల్లు.

*

సీలు వేసిన జీపు మొదటిసారి ఆవరణలో మలుపు తిరిగినప్పుడు నేను పప్పు పోపు పెడుతున్నాను. చక్రాలు తిరగడం మానేసి గెంతాయి. కాళ్ళకి బంధం వేసిన ఆవు కదిలినట్టు జీపు ఆగి ఆగి, కీచుమని, లోపలెక్కడో టక్కుమంటూ మలుపు పూర్తి చేసింది. దివాకరమూర్తి గారు వరండాలో నిలబడి చూసి సంతోషించారు.

"చూశారా గున్నేశ్వరరావు గారూ. ఇన్నాళ్ళకి ముందు చక్రాలు శ్రమ పడుతున్న చప్పుడు వినిపిస్తోంది."

వారం గడిచేసరికి ఆ చప్పుడు రోట్లో పసుపుకొమ్ములు వేసి దంచినట్టయింది. ఆ పై వారం రోలే పగిలినట్టయింది. జీపుని లారీ మీద కిందకి దింపారు. షెడ్డులో విప్పి చూస్తే నూనెలో గేరు పళ్ళు ముక్కలు ముక్కలుగా తేలాయట. బేరింగుల్లోని గుండ్లు కొన్ని పగిలాయి, కొన్ని దొరకనే లేదు. అప్పలకొండ నెత్తి మీద గుడ్డ వేసుకుని విచారంగా వెళ్ళి, రొయ్యల ఇగురు తిని, కొత్త గేర్లతో తిరిగొచ్చాడు. లివరుకి మళ్ళీ లక్క వేశారు. అది మళ్ళీ విరిగింది. రెండో జీపూ విరిగింది. మూడోది, వాటిని చూసి భయపడిందేమో, షెడ్డులోంచి బయటికి వస్తూ గుమ్మంలోనే విరిగింది. జీపులు చిక్కిపోతున్నకొద్దీ అప్పలకొండ ఒళ్ళు చేశాడు.

మొదట దిష్టి అనుకున్నారు. బానెట్లకి నిమ్మకాయల దండలు కట్టి, ఆఫీసు గుమ్మంలో బూడిదగుమ్మడికాయ కొట్టారు. తరవాతి గేరు ఆ గుమ్మడికాయ ముక్కల మీద నుంచి వెళ్తూ విరిగింది. అప్పుడు సాంకేతిక విచారణ సంఘం వేశారు. సంఘంలో సభ్యులు ముగ్గురు. లెక్కల విభాగం నించి ఒకరు, పట్టుపురుగుల విభాగం నించి ఒకరు, కన్వీనరుగా మా ఆయన.

ఆ రాత్రి భోజనం దగ్గర మా ఆయన అన్నం కలుపుతూ ఆగిపోయారు. "ఏమోయ్, నువ్వు ఫిజిక్సు కదా. పళ్ళెందుకు రాలుతున్నాయంటావు?"

"మన పెళ్ళిలో హోమం చుట్టూ తిరిగాం, గుర్తుందా?"

"పొగ గుర్తుంది."

"కొంగుముడి వేశారు. మీరు ముందు, నేను వెనక. మలుపులో ముందువాళ్ళు ఎక్కువ దూరం తిరగాలి, వెనకవాళ్ళకి తక్కువ దూరం. ముడికి కాస్త వదులుంటే ఇద్దరూ సర్దుకుంటారు. బిగదీసి కడితే కొంగైనా చిరగాలి, ఉత్తరీయమైనా చిరగాలి. జీపూ అంతే. ఆ లివరు వేస్తే ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ బిగుతు ముడి పడుతుంది. బురదలో అయితే చక్రం జారి సర్దుకుంటుంది. పొడి తారు జారనివ్వదు. ఆ బిగువంతా లోపల పళ్ళ మీదా, బేరింగుల మీదా పడుతుంది. అందుకని పొడి రోడ్డు మీద ముడి విప్పెయ్యాలి."

మా ఆయనకి అర్థమైంది. అదీ చిక్కు. ఆయన అర్థం చేసుకున్నది చేసుకున్నట్టు సంఘంలో చెప్పారు. సంఘం విని, తల పంకించి, తేల్చింది. జీపు నిర్దోషి. గేరు నిర్దోషి. ఉత్తర్వు ఎలాగూ నిర్దోషి. మిగిలింది రోడ్డు. సదరు రోడ్డు చక్రములను జారనివ్వకుండా గట్టిగా పట్టుకొనుటయే ప్రమాదములకు మూలకారణము.

"మరి ముడి విప్పే సంగతి?" అన్నాను.

"అది పెళ్ళిళ్ళకి సంబంధించిన విషయమని మినిట్స్‌లోంచి తీసేశారు," అన్నారు మా ఆయన, మజ్జిగ పోసుకుంటూ.

రోడ్ల ఇంజనీరు పట్టాభిరామయ్య గారికి నోటీసు వెళ్ళింది. అవసరానికి మించిన నాణ్యతతో రోడ్డు వేసి సంస్థ ఆస్తికి నష్టం కలగజేసినందుకు మీపై చర్య ఎందుకు తీసుకోకూడదు? పట్టాభిరామయ్య గారు తన ఉద్యోగ జీవితంలో ఇలాంటి నేరారోపణ ఎన్నడూ ఎరగరు. నోటీసు ఇంట్లో అందరికీ చదివి వినిపించారట. దానికి అద్దం కట్టించి హాల్లో తగిలించారు. వాళ్ళావిడ క్వార్టర్లన్నిటికీ మైసూరుపాకం పంచింది.

"ఏమిటండీ విశేషం?" అని అడిగాను.

"మీ అన్నయ్యగారి రోడ్డు మరీ గట్టిగా ఉందని ప్రభుత్వం వారే రాసిచ్చారు," అంది ఆవిడ, కళ్ళు తుడుచుకుని.

*

నోటీసు వల్ల రోడ్డు మెత్తబడదు కదా. అందుకు పథకం కావాలి. పథకానికి పేరు కావాలి. దివాకరమూర్తి గారికి సంస్కృతంలో ప్రవేశం ఉంది. "మార్గ మార్దవ పథకం" అని పేరు పెట్టారు. జీపు ముందు ఒక ట్యాంకరు నడుస్తుంది. ఎర్రమట్టి కలిపిన నీళ్ళు తారు మీద పోస్తుంది. రోడ్డు చక్కటి బురద అవుతుంది. ఆ బురదలో జీపు నాలుగు చక్రాలతో, ఏ గేరూ విరగకుండా, వైభవంగా వెనక వస్తుంది.

ప్రారంభోత్సవం నాడు నేను కూడా వెళ్ళాను. ఆఫీసు వారి ఆడవాళ్ళకి కుర్చీలు వేశారు. ట్యాంకరు కొంచెం దూరం వెళ్ళి తను పోసిన బురదలో తనే దిగబడింది. పాపం, దానికి వెనక చక్రాలు మాత్రమే లాగుతాయి. వెంటనే జీపుకి గొలుసు కట్టి ట్యాంకరుని బయటికి లాగారు. అది మళ్ళీ పోసింది. మళ్ళీ దిగబడింది. మళ్ళీ లాగారు. దివాకరమూర్తి గారు మైకు అందుకున్నారు.

"మిత్రులారా, గమనించండి. ఒకప్పుడు ఈ జీపుకి పని ఉండేది కాదు. ఈరోజు అది లేకపోతే ట్యాంకరు కదలదు. ట్యాంకరు లేకపోతే జీపు కదలదు. దీనినే పరస్పరాధారిత అభివృద్ధి అంటారు."

అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. నా చీర కుచ్చెళ్ళ మీద పడిన అభివృద్ధి మూడు ఉతుకులకి గాని వదల్లేదు.

చక్రాల వినియోగం నూటికి నూరు శాతానికి చేరిందని పటం గీసి గోడకి పెట్టారు. ఆటోవాళ్ళు ఆ రోడ్ల మీదకి రావడం మానేశారు. సంతకి అల్లం, అనాసలు మళ్ళీ నెత్తి మీద రాసాగాయి. దానికి ఏ పటమూ గియ్యలేదు.

*

చిలకమ్మ మా ఇంటికి వచ్చింది ఆ రోజుల్లోనే. బూరుగుమెట్ట మనిషి. సంతరోజు రాజ్‌మా గింజలు, పచ్చి పసుపు తెచ్చి ముందు మా గుమ్మంలో దింపుతుంది. బేరం ఆడితే నవ్వుతుంది, తగ్గించదు. ఆ రోజు మోకాళ్ళ దాకా ఎర్రమట్టి. తట్ట దింపి అరుగు మీద కూలబడింది.

"ఆటో రానేదా?" అన్నాను, ఆమె మాటలోనే.

"ఏటొస్తాదమ్మగోరూ. సగం దారి దాకా బురద సేసేసినారు. మా మెట్ట కాడికి కూడా ఒస్తారంట కదా, మంగళవారం నాడు? డోలు కొట్టించి సెప్పినారు."

"వస్తారట. మీది చివరి రోడ్డు కదా, ఘనంగా చేస్తారట."

చిలకమ్మ కాళ్ళ మీద మట్టి గీరుకుంటూ కూర్చుంది. "మా కోడలు రాజులమ్మకి నెల్లు నిండినాయి. రోజులు నెక్కెట్టుకుంటన్నాం."

నాకు తెలుసు. రోడ్డు వేసిన నాటి నుంచి చిలకమ్మకి ఒకటే మాట. తను కొడుకుని కన్నప్పుడు కర్రకి దుప్పటి కట్టి, డోలీ చేసి, మగవాళ్ళు భుజాల మీద మోస్తూ కొండ దిగారు. దార్లో వాన. బండరాయి కింద కన్నది. కోడలు మాత్రం అంబులెన్సులో పడుకుని వెళ్ళి ఆసుపత్రిలో కంటుందని, రోడ్డు మీద మొదటి రోలరు తిరిగిన రోజు నుంచి ఊరంతా చెప్పుకుంది.

"అంబులెన్సుకి కూడా ఎనక సెక్రాలే లాగుతాయంట. ఆ డ్రైవరు బాబుని అడిగినాను. బురదయితే నాను రాలేనమ్మా అన్నాడు." చిలకమ్మ చీర చెంగుతో మొహం తుడుచుకుంది. "అమ్మగోరూ, నాకు తెలవక అడుగుతాను. రోడ్డు లేనప్పుడు రోడ్డు లేదని ఈ జీపులు కొన్నారు కదా. ఇప్పుడు రోడ్డొచ్చినాక, జీపులున్నాయని రోడ్డు తీసేత్తన్నారా?"

డిగ్రీ చదువుకున్నదాన్ని. కాఫీ ఇచ్చాను.

ఆమె వెళ్ళాక మా ఆయనతో చెప్పాను. ఆయన నొచ్చుకున్నారు. నిజంగానే నొచ్చుకున్నారు. దివాకరమూర్తి గారి దగ్గరకి వెళ్ళి, వాయిదా వేస్తే బాగుంటుందేమోనని అన్నారు కూడా.

"గున్నేశ్వరరావు గారూ, నాకు మాత్రం మనసు లేదా?" అన్నారట ఆయన. "ఆ తల్లి బిడ్డ చల్లగా ఉండాలి. కానీ ఆడిట్ అభ్యంతరం తలమీద ఉంది. ముందు చక్రాలని మళ్ళీ ఖాళీగా ఉంచమని ఏ మొహంతో రాయను? శుక్రవారం అనంతశయనం గారే పరిశీలనకి వస్తున్నారు. ఆయన వాయిదా వెయ్యనిస్తే వేద్దాం."

శుక్రవారం. గురువారం రాత్రే నేను పెసలు నానబోశాను.

*

పై నుంచి తనిఖీకి ఎవరొచ్చినా గెస్టుహౌసులో దిగుతారు, భోజనం మాత్రం సూపరింటెండెంటు గారింటి నుంచి వెళ్తుంది. ఇది ఏ ఉత్తర్వులోనూ లేదు. అందుకే ఇంతవరకూ ఎవరూ దీన్ని మార్చలేదు. అనంతశయనం గారికి మోకాళ్ళ నొప్పి. గెస్టుహౌసు మెట్లెక్కలేక ఫలహారానికి మా ఇంటికే వచ్చారు. కిటికీ దగ్గర కుర్చీ వేశాను.

ఆయన ఉప్మా పెసరట్టు తుంచి అల్లం పచ్చడిలో అద్దుకునేదాకా ఆగాను.

"ముందు చక్రాల సంగతి కనిపెట్టింది మీరేనటండీ. మా ఇంట్లో రోజూ అదే మాట."

"చక్రం చిన్నదే తల్లీ. సూత్రం పెద్దది," అన్నారు ఆయన, వినయంగా. "ప్రభుత్వం సొమ్ము పెట్టి కొన్న ఏ వస్తువూ ఊరికే ఉండకూడదు."

"అవునండి. ఇంట్లో అయితే ఒక గిన్నె ఊరికే ఉంటే సర్దుకుంటాం. ఆఫీసు సంగతి వేరు కదా. జీపుకి మొత్తం చక్రాలెన్నండీ?"

"నాలుగు."

"అలాగా," అన్నాను. పచ్చడి వడ్డించాను. "నాకు ఈ కిటికీలోంచి ఎప్పుడూ అయిదు కనిపిస్తాయి. వెనక తగిలించినది లెక్కలోకి రాదేమో లెండి. ఆడవాళ్ళం, మాకేం తెలుస్తుంది. ఇంకో అట్టు వెయ్యనా?"

అనంతశయనం గారి చెయ్యి నోటికీ పళ్ళేనికీ మధ్య ఆగింది. అట్టు ముక్క పట్టుకునే లేచారు. మోకాళ్ళ నొప్పి ఏమైందో మరి, కిటికీ దగ్గరకి రెండంగల్లో చేరారు. షెడ్డులో మూడు జీపులు మాకు వీపు చూపిస్తూ నిలబడి ఉన్నాయి. ప్రతి వీపు మీదా ఒక చక్రం. గుండ్రంగా, నల్లగా, కొన్న నాటి నుంచి నేల తాకకుండా.

"సున్నా శాతం," అన్నారు ఆయన గుసగుసగా. ఇంకో అట్టు వద్దన్నారు. కాఫీ కూడా తాగకుండా ఆఫీసుకి వెళ్ళిపోయారు.

ఆ తరవాతిది మా ఆయన చెప్పగా విన్నాను.

"అది స్టెప్నీ అండి," అన్నారట దివాకరమూర్తి గారు. "అత్యవసర సమయానికి ఉంచుకుంటాం."

"చిన్న లివరు గురించి మీ డ్రైవరు అన్నదీ అదే. అత్యవసరానికని. ఆ వాదన మీరే తిరస్కరించి సీలు వేశారు. ఇదిగో మీ ఉత్తర్వు. 'ప్రతి చక్రమును నిరంతరము.' నాలుగు అని ఎక్కడుంది?"

దివాకరమూర్తి గారు తన ఉత్తర్వుని తనే రెండుసార్లు చదువుకున్నారు. ఎక్కడా లేదు.

"పోనీ రోజుకొకటి చొప్పున మార్చి వేస్తే?" అన్నారు మా ఆయన.

"అప్పుడు విప్పిన చక్రం ఖాళీగా ఉంటుంది."

"రెండు జీపులు కలిపితే?"

"రెండు ఖాళీగా ఉంటాయి."

చివరికి దివాకరమూర్తి గారికే ఆలోచన వచ్చింది. స్టెప్నీని జీపు వెనక తాడుతో కట్టి దొర్లిస్తే, అయిదు చక్రాలూ ఏకకాలంలో నేల మీద ఉంటాయి. మధ్యాహ్నం ప్రయోగం జరిగింది. కిటికీ దగ్గర నాతో పాటు పట్టాభిరామయ్య గారి ఆవిడ కూడా ఉంది. అప్పలకొండ జీపుని గెస్టుహౌసు మెట్ట మీద నుంచి కిందకి పోనిచ్చాడు. స్టెప్నీ కొంత దూరం బుద్ధిగా వెనక వచ్చింది. ఏటవాలు రాగానే దానికి ఉత్సాహం పుట్టింది. తాడు తెంపుకుని, జీపుని దాటి, ఆఫీసు గేటులోంచి లోపలికొచ్చి, వరండా మెట్టుకి కొట్టుకుని పడుకుంది. ఏ తోడూ లేకుండా సమయానికి ఆఫీసుకి చేరిన ఉద్యోగిని ఆ ఆవరణ చూడడం అదే మొదటిసారి.

"సెప్పండి బాబూ, ఇది డ్యూటీ కింద రాసుకోమంటారా?" అని అప్పలకొండ అడిగాడు.

సాయంత్రానికి ఉత్తర్వు వచ్చింది. "అయిదవ చక్రపు వినియోగ విషయమై ప్రధాన కార్యాలయము నుండి స్పష్టత వచ్చునంత వరకు, ఏ ఒక్క చక్రమును వివక్షకు గురికాకుండునట్లు, సదరు వాహనములను యథాతథ స్థితిలో నిలిపివేయవలెను." జీపులని ఇటుకల మీదకి ఎత్తారు. స్టెప్నీలు విప్పి, ప్రత్యక్ష పరిశీలన నిమిత్తం ఆఫీసు వరండాలో వరసగా పడుకోబెట్టారు. జీపు లేనిదే ట్యాంకరు కదలరాదని పథకంలోనే ఉంది కాబట్టి ట్యాంకరు కూడా ఆగింది. మంగళవారం కోసం కట్టిన తోరణాలు విప్పేశారు. అప్పలకొండ ఒక్కడే దిగులుపడ్డాడు. అత్తారింట్లో చేపల పులుసు పెడతామని కబురొచ్చిందట.

ఆదివారం అకాల వర్షం పడింది. నేను మొక్కులేమీ మొక్కలేదు గాని, పడుతున్నంతసేపూ గుమ్మంలో నిలబడి చూశాను. రోడ్డు మీద ఎర్రమట్టి కాలవలు కట్టి గెడ్డలోకి పోయింది. కింద నించి నల్లగా, గట్టిగా, అవసరానికి మించిన నాణ్యతతో తారు బయటపడింది.

మంగళవారం పొద్దున్న అంబులెన్సు కూత వినబడింది. పాలు పొయ్యి మీద వదిలేసి కిటికీ దగ్గరకి వెళ్ళాను. బూరుగుమెట్ట నించి దిగుతోంది. అద్దంలో చిలకమ్మ మొహం ఒక్క క్షణం కనబడి వెళ్ళిపోయింది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. పాలు పొంగిపోయాయి.

వరండాలో నిలబడి దివాకరమూర్తి గారు కూడా చూశారు.

"గున్నేశ్వరరావు గారూ, ఆ అంబులెన్సుకి ముందు చక్రాలు పని చేస్తాయా?"

"లేదండి. వెనక రెండే."

"ప్చ్," అన్నారు ఆయన జాలిగా. "వైద్య శాఖలో ఆడిట్ బలహీనం."

*

ఆడపిల్ల. తల్లీ బిడ్డా క్షేమం. పురుడు వెళ్ళాక చిలకమ్మ రాజ్‌మా గింజలతో పాటు ఒక ఎర్ర కోడిపెట్టని కూడా తెచ్చి మా గుమ్మంలో దింపింది. పెట్ట నన్ను చూసిన చూపుకి దాన్ని కూర వండడం నా వల్ల కాలేదు. ఆవరణలో వదిలేశాను.

కొన్ని నెలలకి ప్రధాన కార్యాలయం నించి స్పష్టత వచ్చింది. "అయిదవ చక్రమును ఏదేని ఒక ప్రయోజనకరమైన పనికి వినియోగించినచో, పూర్వపు ఉత్తర్వును, మార్గ మార్దవ పథకమును పునరుద్ధరించవచ్చును." జీపులు అప్పటికి కొత్త గేర్లు, కొత్త బేరింగులతో తళతళలాడుతున్నాయి. ట్యాంకరుకి రంగు వేశారు. ఎర్రమట్టి తోలించి గేటు పక్కన గుట్ట పోశారు. స్టెప్నీకి ఒక పని దొరకడమే తరువాయి. ఆఫీసంతా అదే ఆలోచన. పూలకుండీకి అడుగున పెడదామని ఒకరు, గొడుగులు పెట్టుకుందామని ఒకరు. ఏదీ ప్రయోజనకరమని రుజువు కాలేదు.

ఆ రోజు చిలకమ్మ మనవరాలిని ఎత్తుకుని వచ్చింది, నాకు చూపించడానికి. బూరుగుమెట్ట నించి గుమ్మం దాకా ఆటోలో. బిడ్డ నా వేలు పట్టుకుని వదలడం లేదు. అంతలో మా ఆయన ఆఫీసు నించి దాదాపు పరిగెత్తుకుంటూ వచ్చారు. ఆయన మొహంలో అంత వెలుగు మా పెళ్ళిలో కూడా చూడలేదు, పొగ వల్ల.

"ఏమోయ్, పని దొరికింది. చిలకమ్మ కోడి లేదూ, వరండాలో స్టెప్నీ మధ్యన గుడ్లు పెట్టి పొదుగుతోంది. కుక్కుట సంతతి అభివృద్ధి. ఇంతకంటే ప్రయోజనం ఏం కావాలి? సారుకి చెప్పాను. భోంచేసి ఫొటోగ్రాఫరుతో వస్తానన్నారు."

ఆయన మంచినీళ్ళు తాగి అంతే వేగంగా వెళ్ళిపోయారు, ఫొటోగ్రాఫరుని పిలవడానికి. నేనూ చిలకమ్మా ఒకరి మొహాలొకరు చూసుకున్నాం.

"మళ్ళీ బురద సేత్తారా అమ్మగోరూ?"

"కోడి లేవకపోతే చేస్తారు."

చిలకమ్మ బిడ్డని నా ఒళ్ళో పెట్టింది. "ఎడల్పాటి బుట్ట ఉందా? అందులో ఎండు గడ్డి ఏసి, ఎలుగు లేని సీకటి మూల సూపించండి. పొదిగే పెట్టని కదిపితే గోల సేత్తాది గాని, గుడ్లు కూడా ఎమ్మట ఎల్తే ఊరుకుంటాది."

పని అయిపోయింది. కోడి కొంచెం తిట్టింది. బుట్ట మా వంటింట్లో పొయ్యి గట్టు కిందకి చేరింది. చిలకమ్మ బిడ్డనెత్తుకుని, దొడ్డిదారిన ఆటో ఎక్కింది.

దివాకరమూర్తి గారూ, ఫొటోగ్రాఫరూ, మా ఆయనా స్టెప్నీ చుట్టూ నిలబడ్డారు. దాని మధ్యన ఒక ఈక మాత్రం ఉంది. మా ఆయన వంటింటి గుమ్మం దాకా వచ్చి, గొంతు తగ్గించి అడిగారు.

"కోడి ఏదీ?"

"బదిలీ అయిందండి."

ఆయన నా మొహం కేసి చూశారు. తరవాత గేటు పక్క మట్టిగుట్ట కేసి చూశారు. తరవాత, మా కాపరంలో అరుదుగా చేసే పని ఒకటి చేశారు. మెల్లిగా తలుపు దగ్గరకి వేసి, ఆ తలుపుకి అడ్డంగా నిలబడ్డారు.

"ఈ వైపు కూడా చూద్దామా?" అంటూ దివాకరమూర్తి గారు మా కిటికీ దగ్గరకి వచ్చారు. సరిగ్గా అప్పుడే పొయ్యి గట్టు కింద నించి కొక్కొక్కోమని వినబడింది. నేను చేతికందిన సెనగపప్పు మిక్సీలో పోసి మీట నొక్కాను. ఆ మోతకి కిటికీ అద్దాలు అదిరాయి.

దివాకరమూర్తి గారు ఆగి, చెవి ఒగ్గి, అనుభవజ్ఞుడిలా తల పంకించారు.

"మీ మిక్సీకి బేరింగు పోతున్నట్టుందమ్మా."

"పొడిగా తిప్పుతున్నానండి."

"నీళ్ళు పొయ్యండి," అన్నారు ఆయన దయగా. "ఎన్నో చూసి చెప్తున్నాను."